డాల్డా డబ్బాలో ర్యాములు

మా ఇంట్లో అటక మీద ఒక పాత డాల్డా డబ్బా ఉంది. అందులో ముప్పై దాకా ర్యామ్ స్టిక్కులుంటాయి. బిట్రగుంట స్టేషన్ రోడ్డులో 2004లో నేను నెట్ సెంటర్ పెట్టిన దగ్గర్నుంచీ పోగైన సరుకది. మొన్న పండక్కి వచ్చిన మా అక్క కొడుకు ఆ డబ్బాను కిందికి దించి, నేల మీద పరిచి, అసలు సంగతి బయటపెట్టాడు. "మామా, నా సిస్టమ్‌లో ర్యామ్ డీడీఆర్-3. అందుకే జీటీఏ-5 గేమ్ ఆగి ఆగి పోతా ఉండాదంట. మొత్తం మార్చాల్నంట. నిజమేనా?"

ఈ ప్రశ్న ఇరవై ఏళ్లుగా వింటున్నాను. అప్పట్లో ఎస్‌డీర్యామ్ అనేవాళ్లు, ఇప్పుడు డీడీఆర్-3 అంటున్నారు. మారింది పేరొక్కటే.

నాకు దీన్ని సరిగ్గా అడగడం నేర్పింది మా నాయన. ఆయన కంప్యూటర్ ముట్టుకుని ఎరగడు. స్టీమ్ ఇంజన్ల మీద ఫైర్‌మన్. మా ఊరే ఇంజన్ల కోసం పెరిగిన ఊరు. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు లైను కలిసింది. దారిలో ఇంజను నీళ్లు పట్టుకోవాలి, బొగ్గు ఎత్తుకోవాలి, బూడిద దులుపుకోవాలి. ఆ పనులన్నిటికీ బిట్రగుంటలో లోకో షెడ్డు, పెద్ద యార్డు, వాటి చుట్టూ రైల్వే కాలనీ, ఆంగ్లో ఇండియన్ల కుటుంబాలు. 1980 ప్రాంతంలో లైను మీదికి కరెంటు వచ్చింది. కరెంటు ఇంజనుకు మా ఊళ్లో పనేముంది? షెడ్డు చల్లారింది, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. అలాంటి ఊళ్లో ఆరు కంప్యూటర్లు పెట్టి గంటకు పదిహేను రూపాయలంటే నవ్వినవాళ్లే ఎక్కువ. పిల్లలు మాత్రం నవ్వలేదు. కౌంటర్ స్ట్రైక్ ఆటకు లైను కట్టారు.

తంటా తెచ్చింది వైస్ సిటీ. 2003లో పీసీకి వచ్చిన ఆ ఆటకు కనీసం 128 ఎంబీ ర్యామ్ కావాలని దాని సీడీ డబ్బా మీదే రాసుండేది. నా సిస్టముల్లోనూ సరిగ్గా 128. సరిపోయిందనుకున్నాను. కానీ నావి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివి, మదర్‌బోర్డు మీది గ్రాఫిక్స్ ఆ 128లోనే 32 కొరికేసేది. మిగిలిన దాంట్లో విండోస్ ఎక్స్‌పీ తన వాటా తినేది. ఆటకు దక్కింది అడుగూబొడుగూ. బైకు వీధి మలుపు తిరిగితే చాలు, హార్డ్ డిస్క్ గరగరమనేది, బొమ్మ బిగుసుకుపోయేది. "అన్నా, హ్యాంగయింది, నా అయిదు నిమిషాలు కలుపు" అని గొడవ.

సాయంకాలాలు వచ్చి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చునే మా నాయన ఆ గరగర విని ఒకరోజు అడిగాడు. "రేయ్, బొగ్గు అయిపొయ్యిందా, ఎయ్యడం లేటవతా ఉండాదా?"

ఆయనకు అవి రెండు వేర్వేరు జబ్బులు. ఇంజను వెనక బొగ్గు మోసే టెండర్‌లో బొగ్గు లేకపోతే ఎంత మొనగాడైన ఫైర్‌మనైనా చేసేదేం లేదు, బండి ఆగుతుంది. బొగ్గుండీ పార చిన్నదైతే ఆవిరి తగ్గుతుంది, బండి నడుస్తుంది గానీ ఎత్తు మీద ఈడుస్తుంది. నాది మొదటి జబ్బు. ర్యామ్ నిండిపోతే మిగతాది హార్డ్ డిస్క్ మీద దాచుకుంటుంది కంప్యూటర్, ఆ డిస్కేమో ర్యామ్ పక్కన ఎడ్లబండి. ఇంకో 128 పెట్టగానే గరగర ఆగింది. అదే తరం ర్యామ్, అదే స్పీడు.

ఆ 128ల కోసం పొద్దున్నే మద్రాసు బండెక్కి కంప్యూటర్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. అక్కడే తెలిసింది, పాతది చవక అనే మాట ర్యాముల్లో తిరగబడుతుందని. ఫ్యాక్టరీలు కొత్త తరానికి మళ్లాక ఎస్‌డీర్యామ్ దొరకడం తగ్గి డీడీఆర్ కంటే ఎక్కువ చెప్పారు. బిల్లు లేకుండా కొన్న ఒక స్టిక్కు మీద 256 అని చీటీ ఉంది, ఇంటికొచ్చి పెడితే 128 చూపించింది. అదీ ఈ డబ్బాలోనే ఉంది, చీటీతో సహా.

రెండో జబ్బు నా చేతికి సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది. పెంటియమ్-4 అన్న పేరు చూసి కొన్న సిస్టమ్. 2001లో ఇంటెల్ 845 అనే చిప్‌సెట్ తెచ్చింది. అంతకుముందు పెంటియమ్-4కు ర్యాంబస్ ర్యామ్ పెట్టాల్సి వచ్చేది, దాని ధర గుండె గుభిల్లుమనేది. చవక చేద్దామని 845ను మొదట పాత ఎస్‌డీర్యామ్‌తోనే వదిలారు. ప్రాసెసర్ సెకనుకు 3.2 గిగాబైట్లు మింగగలదు, పీసీ-133 ఎస్‌డీర్యామ్ స్టిక్కు అందించగలిగింది ఒక గిగాబైటు చిల్లర. నోరు పెద్దది, పార చిన్నది. కొద్ది నెలలకే డీడీఆర్‌తో పనిచేసే 845 వచ్చింది. పాత మెమరీ కొత్త ప్రాసెసర్ కాళ్లకు బంధం వేసిందని నిక్కచ్చిగా చెప్పగలిగిన సందర్భం నా అనుభవంలో ఇదే. 256 ఎంబీ ఉండి కూడా ఆ సిస్టమ్ నీరసంగానే నడిచేది. నా షాపులోని చవక సెలెరాన్ సిస్టమ్ పక్కన పెట్టి చూస్తే దాని పేరుకున్న బిరుదు దాని నడకలో కనపడేది కాదు.

మధ్యలో ఉప్పుగాలి గురించి చెప్పకపోతే మా ఊరి కథ కాదు. సముద్రం మాకు దగ్గర. వానాకాలం వచ్చిందంటే పొద్దున స్విచ్ వేయగానే బొమ్మ రాదు, పొడుగాటి బీప్‌లు. ర్యామ్ తీసి, పసుపుపచ్చ పళ్లను పెన్సిల్ రబ్బర్‌తో రుద్ది, ఉఫ్‌మని ఊది పెడితే లేచేది. "పాత ర్యామ్, పొయ్యింది" అని పారేసినవాటిలో సగం రబ్బర్‌తో బతికేవే. ఈ డబ్బా నిండింది కూడా అలాంటి వాటితోనే.

తరాలు మారేకొద్దీ పార మాత్రం భలే పెరిగింది. ఒక్క స్టిక్కు సెకనుకు మోసేది డీడీఆర్-400లో 3.2 గిగాబైట్లు, డీడీఆర్-3 1600లో 12.8, డీడీఆర్-4 3200లో 25.6, డీడీఆర్-5 6000లో 48. పదిహేను రెట్లు. అయితే ప్రాసెసర్ అడిగాక ర్యామ్ నుంచి మొదటి జవాబు రావడానికి పట్టే ఆలస్యం చూడండి. 2003 నాటి మామూలు డీడీఆర్-400కు 15 నానోసెకన్లు, అంటే సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో పదిహేను. ఇప్పటి మంచి డీడీఆర్-5కు 10. ఇరవై ఏళ్లలో తగ్గింది అంతే. ఆటల్లో ప్రాసెసర్ ఎక్కువగా చిన్న చిన్న ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి అడుగుతుంది. అందుకే పార పదింతలైనా ఆట పదింతలు పరుగెత్తదు. 2021 చివర ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు డీడీఆర్-4 బోర్డు మీదా డీడీఆర్-5 బోర్డు మీదా పనిచేశాయి. ఒకే ప్రాసెసర్‌ను రెంటి మీదా పెట్టి చూస్తే చాలా ఆటల్లో మంచి డీడీఆర్-4 దాదాపు సమానంగా నిలిచింది. మరుసటి ఏడు ఏఎండీ తన 5800ఎక్స్3డీ ప్రాసెసర్ లోపలే 96 ఎంబీ క్యాష్ మెమరీ పెట్టి, డీడీఆర్-4తోనే ఆటల్లో ముందువరసలో నిలబెట్టింది. బొగ్గును టెండర్ దాకా పోకుండా కాళ్ల దగ్గరే కుప్ప పోసుకున్నట్టు. మా నాయన ఉంటే మెచ్చుకునేవాడు.

విడి కార్డు లేని సిస్టముల సంగతి వేరు. అక్కడ గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్ నుంచే తింటుంది కాబట్టి పార వెడల్పు నేరుగా తెర మీద కనపడుతుంది.

మావాడి సిస్టమ్ మూత విప్పాను. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన నాలుగో తరం ఇంటెల్ ఐ5, తర్వాత తగిలించిన 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 4 జీబీ డీడీఆర్-3 స్టిక్కు ఒకటే. జీటీఏ-5కు 4 జీబీ కనీసం, 8 ఉంటే మేలని తయారీదార్లే చెప్పారు. పైగా పక్క స్లాటు ఖాళీ. రెండు స్టిక్కులు జతగా పెడితే రెండు పారలు ఒకేసారి ఆడతాయి, 12.8 కాస్తా 25.6 అవుతుంది. అంటే డీడీఆర్-4 3200 స్టిక్కు ఒక్కటే పెట్టుకున్నవాడితో సమానం. ఆ లెక్క చెబితే వాడు నమ్మలేదు, ఫోన్లో గుణించి చూసుకున్నాడు.

డబ్బాలోంచి అదే స్పీడుది, 4 జీబీది ఒకటి ఏరి, రబ్బర్‌తో రుద్ది పెట్టాం. ఆటలో ఊరంతా కారులో తిరిగాడు. మలుపుల దగ్గర బిగుసుకుపోవడం పోయింది. ఖాళీ రోడ్డు మీద వచ్చే ఫ్రేములు మాత్రం పెద్దగా పెరగలేదు, అక్కడ కార్డు శక్తే అంత. "అయితే డీడీఆర్-5 కొనద్దా?" అన్నాడు కాస్త నిరాశగా. కొనాలంటే బోర్డు మార్చాలి, బోర్డు మారిస్తే ప్రాసెసర్ మార్చాలి, ఒక తరం స్టిక్కు ఇంకో తరం స్లాటులో దిగదు, గాటే వేరేచోట ఉంటుంది. అదీగాక 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ ఎగరేసుకుపోతుంటే ర్యామ్ ధరలు మండిపోతున్నాయి.

మిగతావి డబ్బాలో సర్దుతుంటే 256 చీటీ ఉన్న స్టిక్కు వాడి చేతికొచ్చింది. దాన్ని పడేస్తానన్నాడు. వద్దని తీసుకుని అడుగున పెట్టాను.