ఊపిరితిత్తుల బొడిపెలు

ఛాతీ స్కానింగులో కనిపించే, 3 సెంటీమీటర్లకు మించని గుండ్రని మచ్చలను ఊపిరితిత్తుల బొడిపెలు లేదా నాడ్యూల్స్ అంటారు. అంతకంటే పెద్దవాటిని గడ్డలుగా పరిగణిస్తారు. బొడిపె అనేది వ్యాధి పేరు కాదు, స్కానులో కనిపించే ఒక గుర్తు మాత్రమే. చాలావరకు ఇవి ఏ బాధా కలిగించవు. వేరే కారణంతో తీసిన సి.టి. స్కానులో అనుకోకుండా బయటపడతాయి.

కారణాలు

భారతదేశంలో ముఖ్య కారణాలలో క్షయ ఒకటి. శరీరం క్షయ క్రిములను చుట్టుముట్టి బంధించినపుడు గ్రాన్యులోమా అనే చిన్న ముద్ద ఏర్పడుతుంది. వ్యాధి నయమైన తరువాత కూడా అది సున్నం పట్టిన మచ్చగా మిగిలిపోవచ్చును. ఫంగస్ వ్యాధులు, హామార్టోమా అనే నిరపాయకరమైన పెరుగుదల, చిన్న లింఫు గ్రంథులు ఇతర కారణాలు. కొన్ని మాత్రం కాన్సరు కావచ్చును. 2011లో ఫలితాలు వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఎక్కువగా పొగత్రాగినవారిలో సైతం, స్కానులో అనుమానించినవాటిలో సుమారు 96 శాతం కాన్సరు కాదని తేలింది.

పరిమాణం, పెరుగుదల

ఫ్లైష్నర్ సొసైటీ 2017లో ఇచ్చిన సూచనలు 35 ఏళ్ళు నిండి, కాన్సరు గాని రోగనిరోధక లోపం గాని లేనివారికి వర్తిస్తాయి. వాటి ప్రకారం ఒకే ఒక గట్టి బొడిపె ఉన్నపుడు:

* 6 మి.మీ. కంటే తక్కువ (కందిగింజ లోపు): ముప్పు తక్కువగా ఉన్నవారికి మళ్ళీ స్కాను అవసరం లేదు. పొగత్రాగేవారికి ఏడాది తరువాత తీయవచ్చును.
* 6 నుండి 8 మి.మీ.: 6 - 12 నెలలకు మళ్ళీ స్కాను.
* 8 మి.మీ. మించినవి: 3 నెలలకు స్కాను, పెట్ స్కాను లేదా ముక్క పరీక్ష.

8 మి.మీ. బొడిపె 10 మి.మీ. అయితే పెరిగినది 2 మి.మీ. మాత్రమే అయినా, దాని ఘనపరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. రెండేళ్ళపాటు మారని గట్టి బొడిపె సాధారణంగా నిరపాయకరమైనది.

క్షయ, కాన్సరు - సందిగ్ధత

పెట్ స్కానులో క్షయ కూడా కాన్సరు వలెనే వెలుగుతుంది. క్షయగా పొరబడి నెలల తరబడి మందులు వాడటం వలన కాన్సరు చికిత్స ఆలస్యమైన సందర్భాలున్నాయి. కనుక కళ్ళె పరీక్ష, అవసరమైతే ముక్క పరీక్ష ద్వారా నిర్ధారించుకోవాలి. దగ్గుతో రక్తం పడటం, బరువు తగ్గటం ఉంటే ఆలస్యం చేయరాదు.

పాత స్కానుల ప్రాముఖ్యం

నర్సంపేట ప్రాంతంవారు పెద్ద పరీక్షలకు వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి గాని, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రికి గాని వెళ్ళవలసి రావచ్చును. ఊరు మారినా, వైద్యుడు మారినా, పాత ఫిల్ములు, సి.డి.లు, రిపోర్టులు వెంట తీసుకువెళ్ళాలి. బొడిపె పెరిగిందో లేదో చెప్పగలిగేది ఆ పోలికే.