ఆకాశమునుండి చూచు కన్ను



రాత్రి గస్తీ తిరుగు తలారి ఏ జామున ఏ వీధికి వచ్చునో దొంగకు తెలిసియున్నచో, ఆ గస్తీవలన ఫలమేమి? భూమిచుట్టును తిరుగు కృత్రిమోపగ్రహములు తీయు చిత్రములను ఎంతవరకు నమ్మవచ్చుననుటకు నేను చెప్పబోవు వృత్తాంతము ఈ ప్రశ్నతోనే ముడివడియున్నది.

తొలుత భయమంతయు చిత్రము దారిలో పరులపాలగునేమోయని. 'కరోనా' అను రహస్యప్రయత్నమున అమెరికావారు సోవియట్ దేశమును పైనుండి ఫిల్ముపై చిత్రించి, ఆ ఫిల్ము చుట్టను పెట్టెలో బెట్టి క్రిందికి విడిచిరి. 1960 ఆగస్టు 19వ తేదీన, పారాచూటుతో దిగుచున్న అట్టి పెట్టెను పసిఫిక్ సముద్రముమీద ఒక విమానము గాలిలోనే కొక్కెములతో పట్టుకొనెను. 1976 డిసెంబరులో ఎగిరిన కె.హెచ్.-11 కు ఈ శ్రమ లేదు. అది చిత్రములను రేడియో తరంగములుగా పంపెడిది. దాని మర్మము తెలియుటకు ఆ తరంగముల నెవరును దొంగిలింప నక్కరలేకపోయెను. సి.ఐ.ఏ. కొలువు విడిచిన విలియం కాంపైల్స్ అనువాడు 1978లో దాని వివరణగ్రంథమును సోవియట్‌వారికి 3,000 డాలర్లకు అమ్మివేసెను. అంతటి రహస్యము అంత చౌకగా పోవుట నాకు నేటికిని వింతయే. వానికి 40 ఏండ్ల శిక్ష పడినది.

ఇక మన దేశపు సంగతి. 1995లో రాజస్థానమందలి పోఖరాన్‌లో అణుపరీక్షకు జరుగుచున్న సన్నాహములను అమెరికా ఉపగ్రహములు కనిపెట్టెను. ఆ దేశపు రాయబారి ఫ్రాంక్ విస్నర్ ఢిల్లీలో మన ప్రభుత్వమువారికి ఆ చిత్రములను చూపెను. పరీక్ష ఆగినది. కాని సాక్ష్యమును చూపుట యనగా తన కన్ను ఎంతవరకు చూడగలదో ఎదుటివారికి చెప్పుటయే కదా!

1998లో మనవారు ఆ పాఠమును మరువలేదు. ఉపగ్రహములు తలమీదికి వచ్చు వేళలు లెక్కగట్టి, పని రాత్రులందు సాగించిరి. తెల్లవారకమునుపే పెద్ద యంత్రములను యథాస్థానమునకు చేర్చిరి. త్రవ్విపోసిన ఇసుకను గాలికి పేరుకొన్న తిన్నెలవలె దిద్దిరి. శాస్త్రజ్ఞులు సైనికుల దుస్తులు ధరించి మారుపేళ్లతో మెలగిరి. అబ్దుల్ కలాముగారు మేజర్ జనరల్ పృథ్వీరాజ్ అయిరి. మే 11న మూడు, 13న రెండు ప్రేలుళ్లు జరిగెను. మొదటిదినపు వార్త మన ప్రధానమంత్రి ప్రకటించువరకు అమెరికా ప్రభుత్వమునకు తెలియదు.

ఉపగ్రహములు తెచ్చిన చిత్రములన్నియు నిజమైనవే. ఎడారి ఎట్లు కనబడవలెనో అట్లే కనబడినది. తరువాత విచారణ జరిపిన అడ్మిరల్ డేవిడ్ జెరెమియా యంత్రములకంటె మనుష్యుల తలపునే ఎక్కువ తప్పుపట్టెను: భారతీయులును తమవలెనే ఆలోచింతురని అమెరికా నిపుణులు తలచిరట. అధికారమునకు వచ్చిన పక్షమువారు అణ్వాయుధములను చేపట్టుదుమని తమ ఎన్నికల ప్రణాళికలో ముందే అచ్చువేసియుండిరి. ఆ కాగితము చదువుటకు ఏ ఉపగ్రహమును అవసరము లేకుండెను.