అమెరికా రంగస్థలమున ఆహార్యరచన: నల్లజాతి స్త్రీల కృషి

అభినయము ఆంగిక, వాచిక, సాత్త్విక, ఆహార్య భేదములచే చతుర్విధమని భరతుడు చెప్పియున్నాడు. అందు మొదటి మూడును నటుని ఆశ్రయించినవి. ఆహార్యము నేపథ్యమున నుండువారి చేతిపని. దాని భేదములలో కొండలు, మేడలు మున్నగువాని కృత్రిమనిర్మాణము పుస్తము. వస్త్రాభరణముల కూర్పు అలంకారము. దేహమునకు వర్ణము కూర్చుట అంగరచన. నాటకచరిత్రకారులు కవిని, నటుని స్మరించినంతగా ఆహార్యకర్తను స్మరింపరు. ఆ కర్త అమెరికా దేశపు నల్లజాతి స్త్రీ యైనచో విస్మృతి రెండింతలగును. అట్టివారిలో కొందరి కృషిని పరిశీలించి, అలంకారమున వారికి దొరకిన చోటు పుస్తమున ఏల సులభముగా దొరకలేదో విచారించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

కుట్టుపని వారికి దాస్యకాలము నుండియు అలవడిన విద్య. వర్జీనియాలో దాసిగా జన్మించిన ఎలిజబెత్ కెక్లీ ఆ విద్యలో నేర్పరియై, 1855లో 1200 డాలర్లు చెల్లించి తనకును కుమారునకును స్వేచ్ఛ సంపాదించెను. తరువాత అధ్యక్షుడు లింకను భార్యకు దుస్తులు కుట్టెను. ఈమె రంగస్థలమునకు చెందినది కాదు. అయినను సూది జీవనాధారముగను, విముక్తిమార్గముగను ఎట్లు పరిణమించెనో ఈమె చరిత్ర తెలుపుచున్నది. కాని ఆ విద్యను లోకము పని యనెనే గాని రచన యనలేదు. కుట్టినవారి పేరు చరిత్ర కెక్కకపోవుటకు ఇదియే ముఖ్యకారణమని మేము తలంచుచున్నాము.

పుస్తము స్థితి వేరు. బ్రాడ్వే నాటకశాలలలో దృశ్యరచనకు వృత్తిసంఘ సభ్యత్వము ద్వారమైనది. 1939లో 'మాంబాస్ డాటర్స్' నాటకమునకు పనిచేసిన పెర్రీ వాట్కిన్స్ అచ్చట దృశ్యరచన చేసిన మొదటి నల్లజాతివాడు. ఆ వేదికపై దీపముల కూర్పు ఆ జాతి స్త్రీకి తొలిసారి లభించుటకు 1973 వరకు ఆగవలసివచ్చెను. 'ది రివర్ నైజర్' నాటకమునకు పనిచేసిన షర్లీ ప్రెండర్గాస్ట్ ఆమె.

ఈ ద్వారమునకు వెలుపల పనిచేసినది మెటా వారిక్ ఫుల్లర్ (1877–1968). ఈమె పారిస్ నగరమున శిల్పవిద్య నభ్యసించెను. 1907లో జేమ్స్‌టౌన్ ప్రదర్శనమునకై తన జాతి చరిత్రను 14 చిన్న దృశ్యములుగా బొమ్మలతో మలచెను. ఇది పుస్తముగాక మరేమి? 1910లో ఫిలడెల్ఫియా అగ్నిప్రమాదమున ఈమె తొలి శిల్పములు పెక్కు నశించెను. పిమ్మట బోస్టను నగరమున మాడ్ క్యూనీ హేర్ నడపిన కళాసంస్థ ప్రదర్శనములకు ఈమె దృశ్యరచన చేసెను. వృత్తిరంగమున దొరకని అవకాశము ఔత్సాహికరంగమున దొరకెనని దీనివలన ఊహింపవచ్చును.

అంగరచన విషయమున జెల్డా విన్ వాల్డెస్ కృషి గమనింపదగినది. 1948లో న్యూయార్కులో సొంత దుస్తుల దుకాణము తెరచిన ఈమెను 1970లో ఆర్థర్ మిచెల్ తన హార్లెం నృత్యసంస్థకు ఆహ్వానించెను. బాలే సంప్రదాయమున దేహవర్ణ మనగా గులాబివర్ణమే. ఆ మేజోళ్ళు నల్లని నర్తకి దేహరేఖను నడుమ ఖండించును. వాల్డెస్ ఒక్కొక్క నర్తకి మేనిచాయ ననుసరించి మేజోళ్ళకు రంగు వేసెను. నర్తకికి రంగు పూయుటకు మారుగా వస్త్రమునకు రంగు వేయుట ఇచ్చటి విశేషము. ఇది కేవలము అద్దకము కాదు. దేహవర్ణ మను మాటకే అర్థమును మార్చుట.

ఎంటొజాకే షాంగే రచించిన 'ఫర్ కలర్డ్ గర్ల్స్' రూపకము 1976లో బ్రాడ్వేకు వచ్చినప్పుడు దానికి జూడీ డియరింగ్ వస్త్రరచన చేసెను. అందలి ఏడుగురు స్త్రీలకు పేర్లు లేవు. ధరించిన వర్ణమే ఒక్కొక్కరి పేరు. ఇచ్చట అలంకారము పాత్రకు తోడు కాదు, పాత్రయే. అయినను వచననాటక వస్త్రరచనకు టోనీ బహుమానము నల్లజాతి స్త్రీకి తొలిసారి 2024లోనే దక్కెను. దాని నందినది డేడే అయితే.

వస్త్రము చినుగును, తెర చివుకును, దృశ్యము విప్పివేయబడును. ముద్రితనాటక మొక్కటి నిలుచును. దానినే ఆధారముగా గొన్న చరిత్రలో ఈ స్త్రీలకు చోటుండదు. స్వయముగా దీపముల కూర్పునందు నిపుణురాలైన కాతీ పెర్కిన్స్ ఇట్టి రచయిత్రుల పేర్లను వెదకి వెలికి తెచ్చిరి. రేఖాచిత్రములు, గుడ్డముక్కలు, కార్యక్రమపత్రములు కూడ గ్రంథములంతటి ఆధారములేయని పరిశోధక విద్యార్థులు గుర్తించిన నాడు, ఆహార్యమునకు భరతు డిచ్చిన స్థానము చరిత్రయందును లభించినట్లగును.