తుది మాట ఎవరిది? ‘అధిష్ఠానం’ కథ

ముఖ్యమంత్రి ఎవరన్న ప్రశ్నకు తెలుగునాట కాంగ్రెస్ నాయకులు దశాబ్దాలుగా చెబుతున్న సమాధానం ఒక్కటే: తుది నిర్ణయం అధిష్ఠానానిదే. ఎందరి మద్దతు ఉన్నా ఆఖరి మాట తమది కాదని ఆ వాక్యం ముందే ఒప్పుకుంటుంది. సంస్కృతంలో అధిష్ఠానమంటే ఆధారం, నిలయం. తాడును చూసి పామని భ్రమించే దృష్టాంతంలో అద్వైతులు ఆ తాడును అధిష్ఠానమంటారు. కనిపించేది పాము, ఉన్నది తాడు. రాజకీయాల్లోకి వచ్చినా ఆ మాట తన అర్థాన్ని పూర్తిగా విడిచిపెట్టలేదు. కుర్చీలో కనిపించేది ఒకరు, ఆ కుర్చీకి ఆధారం మరొకరు.

ఈ పోకడ స్వాతంత్ర్యానికి ముందటిదే. సూరత్‌లో అమ్రోలిని ఒరుసుకుని పారే తపతీ నదికి ఎగువన హరిపుర ఉంది. 1938 ఫిబ్రవరిలో అక్కడ జరిగిన కాంగ్రెస్ మహాసభకు సుభాష్ చంద్ర బోస్ అధ్యక్షుడు. రాష్ట్రాల్లోని కాంగ్రెస్ మంత్రివర్గాలపై అజమాయిషీ మాత్రం సర్దార్ పటేల్ సారథ్యంలోని పార్లమెంటరీ ఉపసంఘానిది. అదే ఏడాది మధ్య పరగణాల ప్రధాని ఎన్.బి. ఖరే ఆ అజమాయిషీని కాదని పదవి పోగొట్టుకున్నారు.

మరుసటి ఏడాది పరీక్ష ఒక తెలుగువాడి పేరు మీదుగా జరిగింది. 1939 జనవరి అధ్యక్ష ఎన్నికలో బోస్‌కు 1580 ఓట్లు, గాంధీజీ ఆశీస్సులున్న భోగరాజు పట్టాభి సీతారామయ్యకు 1377 ఓట్లు వచ్చాయి. పట్టాభి ఓటమి తన ఓటమేనని గాంధీజీ ప్రకటించారు. మార్చిలో త్రిపురి మహాసభ, గాంధీజీ అభీష్టం మేరకే కార్యవర్గాన్ని నియమించాలని తీర్మానించింది. 1934లోనే కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్న వ్యక్తి ఇష్టానికి ఎన్నికైన అధ్యక్షుడు కట్టుబడవలసి వచ్చింది. ఏప్రిల్‌లో బోస్ రాజీనామా చేశారు. ఓట్లు గెలిచినవాడికి తుది మాట దక్కలేదు.

గాంధీజీ మాటకు బలం నైతికమైనది. తరువాతి కాలపు అధిష్ఠానానికి టికెట్లు, పదవుల పంపకమే బలం. 1978 ఎన్నికల తరువాత ఐదేళ్లు నిండకుండానే ఆంధ్రప్రదేశ్ నలుగురు ముఖ్యమంత్రులను చూసింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. రావడానికీ పోవడానికీ ఢిల్లీయే దారి. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం ఆ అవమానాన్నే ఆత్మగౌరవ నినాదంగా మలచి 1983 జనవరిలో అధికారంలోకి వచ్చింది.

తీర్పు స్పష్టమే. కానీ ఓడింది ఢిల్లీ అధిష్ఠానమే తప్ప ఆ అలవాటు కాదు. ప్రాంతీయ పార్టీల్లో ‘అధిష్ఠానం’ స్థానాన్ని ‘అధినేత’ ఆక్రమించాడు. ఢిల్లీకి విమాన ప్రయాణం తప్పింది. శాసనసభ్యుడి నిరీక్షణ తప్పలేదు. తుది మాట ఊరు మారినంత మాత్రాన ఓటరు చేతికి వచ్చినట్లు కాదు.