ప్రింటర్ పద్దులు

బర్క్‌లీ యూనిక్స్‌లో ప్రింటర్ వాడకం లెక్కగట్టే కమాండ్ పేరు ‘ప్యాక్’. 4.0 బీఎస్‌డీతో 1980లో వచ్చింది. అది చదివే ఫైల్లో ఒక్కో వరుసలో మొదట ఒక అంకె, తర్వాత మెషీన్ పేరు, యూజర్ పేరు. అంతే. మామూలు ప్రింటర్లకు ఆ అంకె పేజీలు, రాస్టర్ యంత్రాలకు కాగితం పొడవు అడుగుల్లో. ధర వేరే చెప్పకపోతే ఒక్కోదానికి రెండు సెంట్లు. అంకె పేజీలదో అడుగులదో వరుస చెప్పదు, తేదీ అసలే ఉండదు.

అదే వ్యవస్థలో ప్రింటర్‌కు పని అప్పగించే కంట్రోల్ ఫైల్ మాత్రం ఎంతో పొందికైనది. 1990 ఆగస్టు నాటి ఆర్‌ఎఫ్‌సీ 1179లో దాని వివరమంతా ఉంది. ప్రతి వరుసా ఒక అక్షరంతో మొదలవుతుంది: ‘హెచ్’ అంటే మెషీన్, ‘పి’ అంటే యూజర్, ‘జె’ అంటే పని పేరు. ఏ విలువ ఏమిటో ఆ అక్షరమే చెబుతుంది. పద్దుల ఫైలుకు ఆ భాగ్యం లేకపోయింది.

ఆ లోటు తీర్చినవాడు ప్యాట్రిక్ పావెల్. ఆయన రాసిన ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ ఎల్‌పీఆర్‌ఎన్‌జీలో పద్దులోని ప్రతి విలువకూ ముందు ఒక అక్షరం గుర్తుగా ఉంటుంది: యూజర్‌కు ‘ఎన్’, బైట్లకు ‘బి’, సమయానికి ‘టి’. పని మొదలైనప్పుడు ఒక వరుస, ముగిశాక మరొకటి. మొదటిది ఉండి రెండోది లేదంటే పని మధ్యలో ఆగిందన్నమాట. నా దృష్టిలో ప్రింటర్ లెక్కల్లో ఇంత ఆలోచించి చేసిన పని మరొకటి లేదు.

1999లో వచ్చిన కప్స్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ మళ్లీ పాత దారే పట్టింది. దాని పేజ్ లాగ్‌లో విలువల మధ్య ఖాళీ జాగాలే హద్దులు, లేని విలువకు ఒక అడ్డగీత. తర్వాత పని పేరును కూడా చేర్చారు, అదీ కాగితం సైజుకు ముందు! నేను చూసే కాలేజీ ల్యాబ్‌లో ఒక విద్యార్థి ‘ఫైనల్ రిపోర్ట్ కొత్తది’ అని పేరు పెట్టి ప్రింట్ ఇచ్చాడు. లెక్కలు తీసే స్క్రిప్టుకు కాగితం సైజు ‘రిపోర్ట్’ అయింది, ఒకవైపా రెండువైపులా అన్న చోట ‘కొత్తది’ పడింది. అతని ఖాతాలోంచి డబ్బు పోయేది ఆ వరుసను బట్టే. ఎందుకు కోశారని అడిగితే చూపించడానికి మన దగ్గర ఉండేదీ ఆ వరుసే.

కప్స్ నడిపేవాళ్లకు నా మనవి. పేజ్‌లాగ్‌ఫార్మాట్ అనే సెట్టింగ్‌లో మన మాటలు కూడా రాసుకోవచ్చు. ప్రతి విలువ ముందూ దాని పేరు, ఒక ‘ఈక్వల్’ గుర్తు పెట్టండి. పని పేరును వరుస చివరికి జరపండి.