తొలి టాకీకి పాట కట్టిన జక్కేపల్లి

1932లో గోదావరిఖని అనే ఊరే లేదు. కాజీపేట నుంచి రామగుండం మీదుగా బల్హార్షా దాకా రైలుదారి పూర్తయి మూడేళ్లయింది. ఇక్కడి బొగ్గు మాత్రం ఇంకా భూమిలోనే ఉంది. తట్టా చెమ్మసూ పట్టిన సింగరేణి బొగ్గు కార్మికులు అప్పటికి ఇల్లందు బాయిల్లోనూ, కొత్తగా తెరిచిన బెల్లంపల్లి వైపు గనుల్లోనూ చెమటోడుస్తున్నారు. ఆ ఏడాది ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా హాలులో ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది. పూర్తిగా తెలుగే మాట్లాడిన మొదటి టాకీ అది.

చాలాకాలం ఈ తేదీ వేరేగా ఉండేది. 1931 సెప్టెంబరు 15న విడుదలైందని పుస్తకాలు రాశాయి, సభలు జరిగాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికల ప్రకటనలు, సెన్సారు కాగితాలు తవ్వి లెక్క సరిచేశారు. ‘భక్త ప్రహ్లాద’కు సెన్సారు అయ్యిందే 1932 జనవరి 22న. అంతకు ముందే, 1931 అక్టోబరు 31న, తమిళ తెలుగులు కలగలిసిన ‘కాళిదాసు’ మద్రాసులో ఆడింది. రెండింటికీ దర్శకుడు హెచ్.ఎం.రెడ్డే. తేదీ తేలడం మంచిదే. అయితే ఆ తగువులో పడి, ఈ సినిమాకు పాటలు ఎవరు రాశారన్న సంగతిని మనం పక్కన పడేశాం.

రాసింది చందాల కేశవదాసు. 1876లో పుట్టారు, జక్కేపల్లిలో. ఈ ఊరు ఇప్పుడు ఖమ్మం జిల్లా కూసుమంచి మండలంలో ఉంది. బొగ్గు కంపెనీకి పేరిచ్చిన సింగరేణి గ్రామం కూడా అదే జిల్లా. 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు జాడ పట్టుకున్నది ఆ చుట్టుపక్కలే. తొలి బొగ్గూ తొలి సినిమా పాటా ఒకే జిల్లావని గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, అప్పట్లో ఇవన్నీ వరంగల్ జిల్లా కింద ఉండేవి. ఖమ్మం జిల్లా ఏర్పడింది 1953లో.

కేశవదాసు హరికథలు చెప్పేవారు, పురాణ ప్రవచనాలు చేసేవారు, అవధానం చేసేవారు, నాటకాలు రాసేవారు, జబ్బు చేసినవాళ్లకు మందూ ఇచ్చేవారు. నిజాం రాజ్యంలో సర్కారు కాగితమంతా ఉర్దూలో నడుస్తున్న రోజులవి. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వేసింది 1934లో. దానికి రెండేళ్ల ముందే ఆ రాజ్యపు పల్లెటూరి మనిషి రాసిన పాటలు బొంబాయి తెర మీద వినిపించాయి. ఆ మాటన్నవారు సినిమాకు వెళ్లే రకం కాదేమో!

సినిమాకు ఆధారం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. ఆ పద్యాలకు కేశవదాసు పాటలు తోడయ్యాయి. నటులు సురభి వారు: హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి, ప్రహ్లాదుడిగా చిన్నవాడు సింధూరి కృష్ణారావు. తర్వాత పెద్ద నిర్మాతగా ఎదిగిన ఎల్.వి.ప్రసాద్ ఇందులో చదువు అబ్బని మొద్దు శిష్యుడు. మూడు వారాలలోపే షూటింగ్ ముగిసిందని, ఖర్చు 18 వేల రూపాయల దాకా అయిందని చెబుతారు.

ఇంత తొందరగా ఎలా తీశారు? ముందుగా పాట రికార్డు చేసుకుని పెదవులు కదిపే పద్ధతి అప్పటికి రాలేదు. కెమెరా ముందు నిలబడి, మైకుకు అందేలా, ఆ క్షణంలోనే పాడాలి. వాద్యగాళ్లు ఫ్రేములో పడకుండా పక్కన కూర్చుని వాయించాలి. తప్పితే మళ్లీ మొదటికి. నాటకం కంఠతా వచ్చినవాళ్లయితేనే ఇది సాగుతుంది. ధ్వని అక్కడక్కడా బొంగురుపోయినా కథ తెలిసిన ప్రేక్షకుడికి ఇబ్బంది లేదు. తొలి టాకీల్లో పురాణాలే ఎందుకు ఎక్కువంటే భక్తి అనేస్తాం. భక్తి సరే, ఆ రోజుల్లో పనయ్యే దారి కూడా అదే.

పైగా ప్రహ్లాదుడి కథకు మన గోదావరి ఒడ్డున ప్రచారం అక్కర్లేదు. రామగుండానికి ఎగువన ధర్మపురి ఉంది. శేషప్ప కవి నరసింహ శతకం చెప్పింది అక్కడి నరసింహస్వామి మీదే. బడికి వెళ్లిన పిల్లలే కాదు, వెళ్లనివాళ్లూ ఆ పద్యాలు నేర్చారు. 1960ల మొదట్లో రామగుండం వైపు బాయిలు తెరుచుకున్నప్పుడు పనికోసం వచ్చిన ఊళ్లవాళ్లు హిరణ్యకశిపుడినీ నరసింహుణ్ణీ వెంటబెట్టుకునే వచ్చారు. వాళ్లు దిగిన గనిలోనూ స్తంభాలే. బొగ్గు తవ్వుతూ మధ్యమధ్యలో వదిలే పిల్లర్ల మీదే పైకప్పు నిలుస్తుంది. ఆ పిల్లర్లు తీసేటప్పుడు ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకుంటారు.

1932 నాటి రీళ్లు ఇప్పుడు లేవు. ఇటీవలి వాళ్లెవరూ ఆ సినిమా చూడలేదు. 1942లో శోభనాచల వారు మళ్లీ ప్రహ్లాదుణ్ణి తీశారు, వేమూరి గగ్గయ్య హిరణ్యకశిపుడిగా. 1967లో ఏవీఎం వారు రంగుల్లో తీశారు. బొగ్గుబాయిల తరానికి ప్రహ్లాదుడంటే రోజారమణి, హిరణ్యకశిపుడంటే ఎస్వీ రంగారావు. అది ఎలా ఉన్నా మొదటి ప్రహ్లాదుణ్ణి మరిపించిందనడానికి లేదు. మరిచిపోవడానికి ముందు చూసి ఉండాలి కదా.

కేశవదాసు మొదటి సినిమాతో ఆగలేదు. మరికొన్ని సినిమాలకూ రాశారు. ఆయన నాటకం ‘కనకతార’ 1937లో సినిమాగా వచ్చింది. ఆయన మకాం మద్రాసు కాదు, కోదాడ పక్కన తమ్మర. 1956లో పోయారు. సినిమా పాటల కంటే ఎక్కువ కాలం నిలిచింది ఆయన నాటకాల కోసం కట్టిన ‘పరబ్రహ్మ’ ప్రార్థన. పద్యనాటకం ఎక్కడ వేసినా, ఖమ్మంలోనైనా కార్మిక వాడలోనైనా, తెర లేవకముందు వేషాలన్నీ వరుసగా నిలబడి పాడేది అదే. ఎవరు రాశారని అడిగి చూడండి, ‘పాతకాలం నుంచీ ఉన్నదే కదా’ అంటారు.