గోదావరి మట్టి క్రింద దాగిన గట్లు

గోదావరీ కృష్ణల నడుమనున్న మాగాణిని చూచినవారికి దాని క్రింద కొండలున్నవని తోచదు. కనుచూపు మేర వరిచేలు, కాలువలు, కొబ్బరితోటలు. అయినను ఆ నేల యడుగున ఈశాన్యమునుండి నైరృతికి సాగిన గట్లును, వాని మధ్య మిక్కిలి లోతైన పల్లములును కలవు. బాపట్ల గట్టు, కాజ-కైకలూరు గట్టు, తణుకు గట్టు అని శాస్త్రజ్ఞులు వానికి మన యూళ్ల పేర్లే పెట్టినారు. పల్లములలో గుడివాడది, మండపేటది ప్రసిద్ధములు. తాతల యూరు తణుకనియో కైకలూరనియో చెప్పుకొను కుటుంబములు మనలో లేకపోలేదు. 1954లో ఫ్రెంచివారి జెండా దిగిన యానాము సైతము ఈ యొండ్రునేల మీదిదే. కావున ఈ చరిత్ర మనకు దూరపుది కాదు.

తవ్వకయే వీనిని కనుగొనుటకు తొలి సాధనము లోలకము. కాప్టెన్ బసేవీ అను సర్వే యధికారి 1865 మొదలు మన దేశమున పలుచోట్ల లోలకమును ఊపి, ఊపులను లెక్కించి, భూమ్యాకర్షణను కొలిచెను. బెంగుళూరు ఆ చోట్లలో నొకటి. 1871లో లడఖ్ చలిలో ఆ పనిమీదనే ప్రాణము విడిచెను.

తరువాత గ్రావిమీటరు వచ్చెను. సన్నని తీగచుట్టకు వ్రేలాడు చిన్న తూనికయే దాని ప్రాణము. మొత్తము ఆకర్షణలో సుమారు పదిలక్షలవ వంతును మిల్లీగల్ అందురు. అంతకంటె చిన్న తేడాను కూడ అది పట్టగలదు. తూర్పు కనుమల జాతి రాళ్లయిన ఖోండలైటు, చార్నొకైటు బరువైనవి. అవి పైకి లేచినచోట ఆకర్షణ ఇసుమంత హెచ్చును. పల్లములో ఇసుకరాయి, మట్టిరాయి మేటవేసినచోట తగ్గును. అయితే యంత్రము ఒక్క మీటరు ఎత్తున నుంచినను అంకె మారును గనుక, ప్రతి చోటి ఎత్తును, అక్షాంశమును లెక్కకట్టి సవరింపవలెను. తీసివేతలు సరిగా లేనిదే నిలువ తేలదని పద్దులు వ్రాసిన మావంటి గుమాస్తాలకు వేరుగ చెప్పనక్కరలేదు.

సవరించినను చిక్కు తీరదు. లోతుననున్న పెద్ద బరువును, పైన పలుచగా పరచుకొన్న బరువును ఒకే తీరున కనబడవచ్చును. అందుకే అయస్కాంత పరీక్షను తోడు తెచ్చుకొనిరి. అడుగు రాళ్లలో మాగ్నటైటు ఉండును. ఒండ్రు శిలలలో అది బహు స్వల్పము. అయస్కాంత శిల పైకి దగ్గరగా నున్నచో రేఖ నిటారుగ లేచును. లోతుననున్నచో వెడల్పుగ పరచుకొనును. ఇచ్చటను ఒక మోసము కలదు. రాజమహేంద్రవరము దాపున కాటేరు, పంగిడి ప్రాంతముల నల్లని లావా రాతిపొరలు ఒండ్రు శిలల నడుమ దూరియున్నవి. వానికిని అయస్కాంత గుణము కలదు. వానిని అడుగు శిలగా పొరబడినచో లోతు లెక్క తలక్రిందులగును. రెండు పటములను ప్రక్కప్రక్కన నుంచి చదివి, అటుపిమ్మట ప్రేలుడు తరంగములతో సరిచూచి, ఆ మీదనే బావికి చోటు నిర్ణయింతురు.

తైల సహజవాయు సంఘము 1956లో ఏర్పడినది. ఈ సీమలో దాని లోతుబావి 1978లో నరసాపురము వద్ద దిగినది. గట్ల అంచులను, పల్లముల లోతును తెలిపిన పటములు, భూమిలోపలి వాయువు ఎంత వత్తిడితో నున్నదో తెలుపజాలవు. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి బావినుండి వాయువు ఎగదన్ని అంటుకొని, రెండు నెలలకు పైగా మండెను. చుట్టుప్రక్కల జనులు ఇండ్లు విడిచిపోయిరి. మంట ఆరినది మార్చి నెలలో.